పాత సంతలో పెన్నిధి

జపాను దేశమున క్యోటో నగరమందు ప్రతిమాసము రెండు పెద్ద సంతలు జరుగుచుండును. 21వ తేదీని తోజి దేవాలయ ప్రాంగణమున జరుగు సంత కూకై అను బౌద్ధాచార్యుని స్మృతికై ఏర్పడినది. 25వ తేదీని కితనో దేవాలయమున జరుగు సంత సుగవరా నో మిచిజనె అను పండితకవి పేరిట ఏర్పడినది. ఆ పండితుని జపానీయులు విద్యాధిదేవతగా కొలుతురు. పరీక్షలకు కూర్చుండబోవు విద్యార్థులు మ్రొక్కుకొను ఆ గుడి ముంగిటనే పాత గిన్నెలు, అంచు విరిగిన జాడీలు, చిరిగిన బొంతలు, తుప్పుపట్టిన దీపపు సెమ్మెలు, ఎవరి ఇంటి అటుకమీదనుండియో దిగివచ్చిన పెట్టెలు నేలమీద కుప్పలుగా పరచియుండును. 1924వ సంవత్సరము మొదలు కొన్నేండ్లపాటు ఈ సంతలకు తెల్లవారుజామునే చేరువారిలో ఒక తత్త్వశాస్త్రోపన్యాసకుడు ఉండెడివాడు. ఆయన పేరు యనగి సోయెత్సు.

ఆయన వెంట తరచు ఇద్దరు కుమ్మరి కళాకారులు వచ్చుచుండిరి. ఒకరు కవాయ్ కన్జిరో, మరియొకరు హమదా షోజి. ముగ్గురును చదువుకొన్నవారు, పేరు సంపాదించుచున్నవారు. పాత వస్తువులు కొని, దాచి, లాభమునకు అమ్ముకొనుట వారి ఉద్దేశము కాదు. పూర్వుల వస్తువును చూచి దానిని అచ్చముగా దింపవలెననియు వారు కోరలేదు. అయినను సెలవు దొరికినంతనే సంతలకును, సంతలు చాలనప్పుడు రైలెక్కి మారుమూల పల్లెలకును పోయిరి. చేతితో వస్తువును నిర్మించువానికి పాత వస్తువు ఏమి నేర్పగలదు? ఆ వస్తువును చేసిన చేతులకు అతడు ఏమి ఋణపడియుండును? ఈ రెండు ప్రశ్నలకు వారి జీవితములే సమాధానములు.

రసికులు చూచినది, చూడనిది

పాత వస్తువులను వెదకుట జపానుకు క్రొత్త కాదు. తేనీటి వేడుకను ఒక దీక్షవలె పాటించు రసికులు శతాబ్దులనుండి దేశదేశముల పాత్రలను సేకరించుచుండిరి. మన మచిలీపట్నము మొదలైన కోరమాండల్ తీరపు రేవులనుండి ఓడలకెక్కి జపాను చేరిన అద్దకపు వస్త్రములను వారు ‘సరస’ అని పిలిచి, చిన్న పేలికనైనను పారవేయక తేనీటి పాత్రలకు సంచులుగా కుట్టించుకొనిరి. కొరియా దేశమున చేసిన ‘కిజాయెమోన్’ అను గిన్నె క్యోటోలోని దైతొకుజి మఠమున పెట్టెలో పెట్టెగా భద్రపరుపబడియున్నది. 1951లో దానిని జాతీయనిధిగా ప్రకటించిరి.

యనగి 1931లో ఆ గిన్నెను దర్శించెను. దర్శించి ఆయన ఆశ్చర్యపడినది దాని వైభవమునకు కాదు, దాని సామాన్యతకు. బీద పల్లెలో పేరులేని కుమ్మరి ఏ ఆడంబరమును లేక సారెపై లాగివేసిన పాత్ర అది. అందమైన వస్తువును చేయుచున్నానను తలపైనను అతనికి ఉండియుండదని యనగి భావించెను. రసికులు ఈ గిన్నెను గుర్తించిరి, కొనియాడిరి. కాని అది ఏ రాశినుండి వచ్చినదో ఆ రాశిని మరచిరి. ఒక్క గిన్నెకు పట్టుసంచి కుట్టించిన లోకము, దానివంటి వేలకొలది గిన్నెలను చేసిన చేతులవైపు కన్నెత్తి చూడలేదు. యనగి ఆ చేతుల జాడ పట్టుకొని బయలుదేరెను.

బడిపంతులు తెచ్చిన జాడీ

ఆయనకు ఈ త్రోవ చూపినవాడు ఒక ప్రాథమిక పాఠశాలోపాధ్యాయుడు. యనగి 1889లో టోక్యోలో ఉన్నతకుటుంబమున జన్మించి, విశ్వవిద్యాలయమున తత్త్వ మనశ్శాస్త్రములను అభ్యసించెను. ఆయనయు మిత్రులును ‘షిరకాబ’ అను పత్రికను నడుపుచు పాశ్చాత్య కళలను జపానునకు పరిచయము చేయుచుండిరి. ఫ్రెంచి శిల్పి రోదఁ ఆ పత్రికవారికి పంపిన చిన్న కంచు విగ్రహములు యనగి ఇంట ఉండెను. కొరియాలో పాఠము చెప్పుకొనుచు శిల్పకళపై మక్కువ పెంచుకొన్న అసకావా నొరితకా అను ఉపాధ్యాయుడు 1914లో ఆ విగ్రహములను చూడగోరి వచ్చెను. వట్టిచేతులతో రాలేక ఒక కొరియా జాడీని కానుకగా తెచ్చెను. పలకలు తీర్చిన తెల్లని పింగాణి, దానిమీద నీలిరంగున నాలుగు గడ్డిపూలు. అంతకుమించి దానిలో ఏమియు లేదు. రోదఁ శిల్పమును చూడవచ్చిన అతిథి తెచ్చిన ఆ జాడీయే ఆతిథేయుని జీవితమును మలుపు త్రిప్పెను.

1916లో యనగి మొదటిసారి కొరియాకు పోయెను. అప్పటికి ఆరేండ్లుగా ఆ దేశము జపాను ఏలుబడిలో ఉండెను. అసకావా తమ్ముడు తకుమి అక్కడ అటవీశాఖలో ఉద్యోగి. ఈ తకుమి కొరియా భాష నేర్చి, ఆ ప్రజల దుస్తులు ధరించి, వారి ఇండ్లలోని భోజనపు పీటలను, పాత్రలను గూర్చి గ్రంథములు వ్రాసెను. ఏ పాత్రను ఆ దేశీయులు ఏ పేరుతో పిలుతురో ఆ పేర్లనెల్ల కూర్చి ఒక పుస్తకము సిద్ధము చేసెను. వస్తువును సేకరించువాడు దాని పేరును ఆ ఇంటివారి నోటనే వినవలెనని అతడు నమ్మెను. 1931లో తకుమి కన్నుమూయగా అతని పాడె మోయుటకు కొరియా గ్రామస్థులే ముందుకు వచ్చిరి. అతని సమాధి ఆ నేలలోనే ఉన్నది.

1919 మార్చిలో కొరియా ప్రజలు స్వాతంత్ర్యమునకై లేచినప్పుడు జపాను ప్రభుత్వము వారిని క్రూరముగా అణచివేసెను. యనగి మౌనము వహింపలేదు. కొరియా ప్రజలపట్ల సానుభూతితో స్వదేశపు పత్రికలలో వ్రాసెను. సియోల్ రాజప్రాసాదమునకు ముందున్న గ్వాంఘ్వామున్ అను మహాద్వారమును ప్రభుత్వము కూల్చనున్నదని తెలిసి 1922లో దానికొరకు వ్యాసము ప్రకటించెను. ఆ ద్వారమును కూల్చలేదు. వేరొక చోటికి తరలించిరి. ఆయన భార్య కనెకో ప్రసిద్ధ గాయని. ఆమె కొరియాలో కచ్చేరీలు చేసి ధనము కూడబెట్టినది. ఆ ధనముతోడను, మిత్రుల విరాళములతోడను 1924లో సియోల్ నగరమున, రాజప్రాసాదములోని ఒక భవనమునందు, కొరియా జానపద కళాశాల తెరువబడెను. తాము సేకరించిన వస్తువులను టోక్యోకు మోసికొనిపోక, పుట్టినచోటనే నిలుపుట వారి సంకల్పము. జాడీని ప్రేమించి, జాడీ చేసినవాని దుఃఖమునకు చెవియొగ్గకుండుట ధర్మము కాదని యనగి తలంచెను.

కీర్తి శిఖరమున సందేహము

కుమ్మరి కళాకారుడగు కవాయ్ కన్జిరో కథ వేరు. ఆయన 1890లో జన్మించెను. సాంకేతిక కళాశాలలో మృత్పాత్రల శాస్త్రము చదివి, క్యోటోలోని పరిశోధనాలయమున హమదాతో కలసి గాజుపూతలపై వేలకొలది ప్రయోగములు చేసెను. ఏ లోహపు మట్టిని ఎంతపాళ్లలో కలిపి, ఎంత వేడిమిలో కాల్చిన ఏ రంగు వచ్చునో ఆయనకు కరతలామలకము. పూర్వపు చైనా చక్రవర్తుల కాలమునాటి ఎరుపు, నీలము, ఆకుపచ్చ మెరుగులను ఆయన ఆవము మరల పుట్టించెను. 1921లో టోక్యోలో జరిగిన ఆయన మొదటి ప్రదర్శనమును విమర్శకులు వేనోళ్ల పొగడిరి. అప్పటికి ఆయన వయస్సు ముప్పదియొక్క సంవత్సరములైనను నిండలేదు.

ఆ సంవత్సరమే టోక్యోలో యనగి కొరియా వస్తువుల ప్రదర్శనము నడిపెను. కవాయ్ దానిని చూచి కలతచెందెను. ఆ పాత్రలకు రసాయనశాస్త్రము తెలియదు, మెరుపును లేదు. కాని వాటిముందు తన పాత్రలు అలంకరించిన అబద్ధములవలె ఆయనకు తోచెను. యనగియు కవాయ్ పనిని నిర్మొగమాటముగా విమర్శించెను. ఆ విమర్శ కవాయ్ మనస్సును గాయపరచెను. ఇరువురకును కొంతకాలము మాటలు లేవు.

వారిని కలిపినవాడు హమదా షోజి. ఆయన ఆంగ్ల కుమ్మరి బెర్నార్డ్ లీచ్‌తో 1920లో ఇంగ్లండుకు పోయి, సెయింట్ ఐవ్స్ అను సముద్రతీరపు ఊరిలో ఆవము కట్టి, 1924లో తిరిగివచ్చెను. వచ్చుచు ఇంగ్లండు పల్లెలలో పూర్వము రొట్టెలు కాల్చుకొనుటకు వాడిన మట్టిపళ్లెములను వెంట తెచ్చెను. పలుచని మట్టి ద్రవమును చేతివాటముగా పోసి, గీతలు తీర్చిన ముతక పళ్లెములవి. అంతకుముందు ఏడు సంభవించిన మహాభూకంపమువలన యనగి టోక్యో ప్రాంతమును విడిచి క్యోటో చేరియుండెను. హమదా తన మిత్రుడగు కవాయ్‌ని యనగి ఇంటికి తీసికొనిపోయెను. ఆ ఇంటిలో ఒక కొయ్యవిగ్రహము కవాయ్‌ని నిలువున ఆకర్షించెను. దానిని గూర్చిన సంభాషణలో పాత పగలు కరగిపోయెను.

చిరునవ్వు విగ్రహముల జాడలో

ఆ విగ్రహము మొకుజికి అను సంచార సన్న్యాసి చెక్కినది. 1718లో జన్మించి 1810లో మరణించిన ఆ సాధువు వండిన ధాన్యమును ముట్టక, ఉత్తరమునుండి దక్షిణమువరకు కాలినడకను దేశమెల్ల తిరుగుచు, ఆగిన చోటనెల్ల బుద్ధవిగ్రహమును చెక్కి అచ్చటి వారికి విడిచిపోయెను. వేయి విగ్రహములు చెక్కవలెనని వ్రతము పూనెను. ఉలిదెబ్బలు స్పష్టముగా కనబడు ఆ ముఖములపై నిండుగా నవ్వు ఉండును. శతాబ్దమునకు పైగా లోకము ఆయనను మరచినది. 1924 జనవరిలో యనగి కోఫూ పట్టణమున ఒక సేకర్త ఇంటికి కొరియా పింగాణిని చూడబోయి, కొట్టుగదిలోని రెండు కొయ్యవిగ్రహములను చూచి ఆగిపోయెను. చూడబోయినది ఒకటి, దొరికినది మరియొకటి.

ఆనాటినుండి సుమారు మూడేండ్లు ఆయన మొకుజికి త్రోవనే నడచెను. ఆ సాధువు జన్మించిన పల్లెలో ఆయన స్వహస్తముతో వ్రాసికొన్న ప్రతులు దొరికెను. వాటిలోని ఊళ్ల పేర్లను బట్టి గుడినుండి గుడికి, కొండనుండి లోయకు పోయి మూడువందలకు పైగా విగ్రహములను వెలికితెచ్చెను. కొన్ని పూజలో ఉండెను. కొన్ని అటుకలమీద దుమ్ములో ఉండెను. ఈ యాత్రలలో కవాయ్, హమదాలు కొన్నిట పాల్గొనిరి. విగ్రహముకొరకు పోవు త్రోవలో తగిలిన ప్రతి ఊరి కుమ్మరివాడను, నేతపనివారి ఇండ్లను, కాగితము చేయు కుటీరములను వారు చూచిరి. ఆ ప్రయాణములే వారికి విశ్వవిద్యాలయము.

సంతలో పాత సామాను అమ్ము ముసలమ్మలు తమ చౌకసరకును ‘గెతెమోనో’ అనెడివారు. నాసిరకపు సామాను అని ఆ మాటకు అర్థము. యనగి ఆ మాటను వారినుండియే నేర్చెను. ఆ నాసిరకములోనే తాను వెదకునది ఉన్నదని గ్రహించి ఆ పేరునే కొంతకాలము వాడెను. కాని ఆ మాట లోకము నోటబడి వింతవస్తువు అను అర్థమును పొందసాగెను. 1925 డిసెంబరులో మొకుజికి విగ్రహములను వెదకుచు కీయీ ద్వీపకల్పమున రైలులో ప్రయాణించుచున్నప్పుడు ముగ్గురు మిత్రులును క్రొత్తమాట కొరకు చర్చించిరి. ప్రజలు అను అర్థముగల ‘మిన్‌షూ’, చేతిపని అను అర్థముగల ‘కోగెయ్’ అను రెండు పదములనుండి చెరియొక తునకను తీసికొని ‘మింగెయ్’ అని కూర్చిరి. ప్రజాహస్తకళ అని దానిని మనము చెప్పుకొనవచ్చును. మరుసటి నెలలో కోయా పర్వతముపై ఒక మఠమున బసచేసి, ఇట్టి వస్తువులకొక కళాశాల నిర్మింపవలెనని తీర్మానించుకొనిరి.

బొంతనుండి మగ్గమునకు

వారి వేటలో దొరికినవానిలో ఒకదాని చరిత్ర ప్రత్యేకముగా చెప్పదగినది. క్యోటో సంతలలో యనగి ఒకవిధమగు చారలబట్టను చూచెను. నూలు పడుగు, పేకలో నూలుతోపాటు నడుమనడుమ తెల్లని పట్టుదారము. చెట్ల బెరడులు, ఆకులనుండి తీసిన గోధుమ, పచ్చని వర్ణములు, నీలిమందు నీలము. అది పాత పరుపుల పైగుడ్డగా ఇండ్లలో నలిగి, చివరకు సంతకు వచ్చిన బట్ట. అమ్మువారికి అది ఎక్కడిదో తెలియదు. తంబా ప్రాంతమునుండి వచ్చినదని మాత్రమే వినికిడి.

యనగి దానిని గూర్చి వ్రాసెను. దానిపై ఆసక్తి పుట్టిన రంగుల శాస్త్రజ్ఞుడు ఉయెమురా రొకురో శోధించి శోధించి, తంబాలోని సాజి అను లోయ ఆ బట్ట పుట్టిన చోటని నిర్ణయించెను. అచ్చట ఆ నేత అప్పటికే ఆగిపోయియుండెను. మరనూలు వచ్చిన తరువాత రైతుల ఇండ్లలో రాట్నము మూలపడెను. అయినను పడుచుదనమున ఆ నూలు వడికిన వృద్ధస్త్రీలు ఇంకను మిగిలియుండిరి. వారి జ్ఞాపకమును, పాత పేలికలను ఆధారము చేసికొని 1953లో ఆ నేతను పునరుద్ధరించిరి. 1957లో ప్రభుత్వము దానిని కాపాడదగిన కళగా ఎన్నుకొనెను. చిరిగిన బొంతను ఒకడు శ్రద్ధగా చూచినందువలన ఒక లోయలో రాట్నము మరల తిరిగినది. ఇంకొక ఇరువదియేండ్లు ఆలస్యమైనచో పేలిక మిగిలియుండును గాని, నూలు వడుకు విధము చెప్పగల చేయి మిగిలియుండదు.

అనుకరణము కాదు, పునర్జన్మము

1926 మొదలు సుమారు మూడు సంవత్సరములు కవాయ్ ప్రదర్శనములు పెట్టలేదు. పేరుతెచ్చిన మెరుగులను ప్రక్కకు నెట్టి, కూజా, పళ్లెము, గిన్నె, మూతపాత్ర మొదలైన గృహోపకరణములను చేయ మొదలిడెను. పాత్రలపై సంతకము పెట్టుట మానెను. వస్తువే తన సంతకమని ఆయన భావము. తిరిగి ప్రదర్శనము పెట్టినప్పుడు జనులు చూచినవి కొరియా పాత్రల నకళ్లు కావు, ఇంగ్లండు పళ్లెముల నకళ్లును కావు. దళసరి గోడలు, దిట్టమైన ఆకారములు, మట్టి బరువును దాచని నిజాయితీ వాటి లక్షణములు. ఆయన రసాయనశాస్త్ర విజ్ఞానము ఎక్కడికిని పోలేదు. యజమానిగా ఉండినది సేవకుడుగా మారినది, అంతే.

ఒక మిత్రుడు పంపిన ఆయన పాత్రకు 1937లో పారిస్ అంతర్జాతీయ ప్రదర్శనమున ఉత్తమ బహుమానము లభించెను. 1955లో ప్రభుత్వము ఇవ్వజూపిన ‘సజీవ జాతీయనిధి’ బిరుదమును ఆయన నిరాకరించెను. 1966లో కన్నుమూయువరకు క్యోటోలో తన ఆవముదగ్గరనే ఉండెను. ఆయన గృహము 1973నుండి ప్రదర్శనశాలగా ఉన్నది.

హమదా మరియొక విధముగా తన పాఠమును నేర్చెను. ఆయన నగరమును వదలి, 1924లో టోక్యోకు ఉత్తరముననున్న మషికో అను కుమ్మరుల ఊరికి పోయెను. వంటయింటి జాడీలు, నీటితొట్లు, తేనీటి కూజాలు చేసి నగరమునకు అమ్ముకొను ఊరది. అచ్చట మినగావా మసు అను స్త్రీ చిన్ననాటనుండి కూజాలపై కొండ, నీరు, చెట్టు చిత్రించుచు, ఒక్క దినమున వందలకొలది కూజాలకు కుంచె త్రిప్పెడిది. ఆమె తన్ను చిత్రకారిణిగా ఎన్నడును తలంపలేదు. అట్టివారి నడుమ హమదా ఊరిమట్టినే పిసికి, ఊరిబూడిదనే గాజుపూతగా వాడి, ఊరివానివలె బ్రతికెను. పాడుపడనున్న పాత పూరియిండ్లను కొని తెచ్చి తన ఆవరణలో మరల నిలిపి వాటిలోనే పనిచేసెను.

పెండ్లియైన క్రొత్తలో ఆయన భార్యతో ఒకినావా దీవికి పోయి అక్కడి కుమ్మరుల వాడలో కొంతకాలము ఉండెను. అక్కడి చెరకుతోటలలో గాలికి వంగిన చెరకుమొక్కను చూచి చిత్రించుకొనెను. మూడు నాలుగు కుంచెదెబ్బలలో ఇమిడిన ఆ చెరకుమొక్క తరువాత ఆయన పాత్రలపై దశాబ్దులపాటు కనబడుచునే యుండెను. గీయగా గీయగా అది చెరకును పోలుట మాని హమదా చేతివ్రాతగా మారెను. గరిటెతో గాజుపూతను పళ్లెముపై విసరి చిత్రించుట ఆయన ప్రసిద్ధ విధానము. పదునైదు క్షణములలో ముగియు పనికి ఇంత విలువయా అని ఎవరో అడుగగా, ఆ పదునైదు క్షణములకు అరువది సంవత్సరములను కూడ చేర్చి లెక్కించుమని ఆయన సమాధానము.

మెడలోని పలక

ఒకినావా మాట వచ్చినది గనుక అద్దకపు కళాకారుడు సెరిజవా కేసుకెను తలంపవలెను. 1895లో జన్మించిన ఈయన 1928లో టోక్యో ప్రదర్శనమున ఒకినావా దీవుల ‘బింగతా’ వస్త్రమును చూచి ముగ్ధుడాయెను. కాగితమును కత్తితో కత్తిరించి అచ్చు చేసి, దానిగుండా బియ్యపుపిండి గంజిని బట్టపై పూసి, గంజి లేనిచోట రంగులు అద్దు విధానమది. 1939లో యనగి బృందముతో ఒకినావా పోయి, అచ్చటి అద్దకపువారి వద్ద శిష్యునివలె కూర్చుండి ఆ విద్య నేర్చెను. దక్షిణ సముద్రపు ఎండను పోలు ఆ వర్ణములు ఆయన చేతిలో క్రొత్త నమూనాలై, తెరలపై, పుస్తకముల అట్టలపై వికసించెను. యనగి బృందము దేశమంతట తిరిగి చూచిన హస్తకళాగ్రామముల నన్నిటిని గుర్తించుచు 13 మీటర్లకు మించిన పొడవుగల ఒక పటమును ఈయన 1941లో రచించెను.

ఒకినావాలో ఆ బృందము వస్త్రములను మాత్రమే చూడలేదు. అక్కడి పాఠశాలలలో తమ మాతృభాషలో మాట్లాడిన పిల్లవాని మెడలో ఒక కొయ్యపలకను వ్రేలాడదీసెడివారు. మరియొక పిల్లవాడు అట్లే మాట్లాడుట కనిపెట్టినప్పుడు ఆ పలక వాని మెడకు మారును. 1940లో యనగి ఈ భాషావిధానమును బాహాటముగా ప్రతిఘటించెను. రాజభాషను నేర్వవలసినదే, కాని దానికై తల్లిభాషను అవమానింపనేల? ఆ వస్త్రములను నేసిన, అద్దిన జనులు పాడుకొనిన భాషను చంపి, వస్త్రములను అద్దాల పెట్టెలో నిలుపుట వ్యర్థమని ఆయన వాదము. జాడీని గూర్చి కొరియాలో నేర్చిన ధర్మమునే ఒకినావాలో భాషకు అన్వయించెను.

1945 యుద్ధమున ఒకినావా బూడిదయాయెను. పూర్వపు అచ్చుకాగితములు, వస్త్రములు అనేకము నశించెను. యుద్ధానంతరము అచ్చటి అద్దకపువారు తమ కళను మరల నిలుపునప్పుడు, పరిశోధకులు అంతకుమునుపు జపాను ప్రధానద్వీపమునకు తీసికొనిపోయిన పాత అచ్చులు వారికి తోడ్పడెను. సేకరించినవాడు నిక్షేపధారియే గాని స్వామి కాడనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

కళాశాలయు, కొన్ని ఆక్షేపణలును

కురషికి పట్టణపు వస్త్రపరిశ్రమాధిపతి ఓహరా మగొసబురో 1935లో ఒక లక్ష యెన్నులు విరాళమీయగా, 1936లో టోక్యోలోని కొమబా ప్రాంతమున జపాను ప్రజాహస్తకళాశాల వెలసెను. నేడు అందు సుమారు 17,000 వస్తువులు కలవు. వస్తువుల ప్రక్కన వ్రాతలు మిక్కిలి తక్కువ. మొదట కన్నులతో చూడుము, తెలిసికొనుట తరువాత అను యనగి సిద్ధాంతమే అందులకు కారణము. పేరు, కాలము, వెల చదివిన పిమ్మట మనము వస్తువును చూడము; చీటీనే చూతుము.

ఈ ఉద్యమమునకు ఆక్షేపణలు లేకపోలేదు. నాసిరకమని అమ్ముడుపోయిన సరకు యనగి మెచ్చిన తరువాత బహుమూల్యమాయెను. పేరులేని పనివానిని కీర్తించిన కవాయ్, హమదాలే మహా ప్రసిద్ధులైరి. వారి పాత్రలు ధనికుల ఇండ్లకే చేరినవి. కొరియా కళయందు దుఃఖసౌందర్యము ఉన్నదని యనగి వ్రాసిన మాటను పిదపకాలపు కొరియా విమర్శకులు తీవ్రముగా ఖండించిరి. తమ జాతికి నవ్వును, బలమును లేవా అని వారి ప్రశ్న. ఈ ఆక్షేపణలలో సత్యమున్నది. పరాయి ఇంటి వస్తువుపై ఎంత ప్రేమ ఉన్నను, దాని అర్థమును తానే నిర్ణయింపబూనుట ఒక విధమగు అధికారమే. అయినను కొరియా ప్రభుత్వము 1984లో, ఆయన మరణించిన 23 సంవత్సరముల తరువాత, ఆయనకు సంస్కృతీ పురస్కారమును ప్రకటించెను. తప్పును తప్పనుచు, మేలును మేలని గుర్తించుట ఉదాత్తమైన తీర్పు.

ఉపాధ్యాయులును విద్యార్థులును ఈ చరిత్రనుండి గ్రహింపవలసినది ఒకటి కలదు. ప్రతి ఊరను పాతసామాను ఉండును. దానిని తూకమునకు వేయువారును ఉందురు. ఆ కుప్పలోనుండి ఒక వస్తువును చేతికెత్తుకొని, ఇది దేనితో చేసినది, ఈ పిడి ఇట్లు ఎందుకు వంగినది, దీనిని వాడినవారు ఏమని పిలిచిరి, చేయుట తెలిసినవారు ఇంకను ఎవరైన ఉన్నారా అని నాలుగు ప్రశ్నలు వేయుటకు ధనము అక్కరలేదు. ఒక ఆదివారము చాలును. చివరి ప్రశ్నకు మాత్రము కాలము తక్కువ. తంబా వృద్ధస్త్రీలవలె సమాధానము చెప్పువారు అన్ని ఊళ్లలోను వేచియుండరు.

హమదా తన జీవితాంతమున, 1977లో, మషికోలోని తన పాత ఇండ్లనే ప్రదర్శనశాలగా తెరచెను. అందు తన పాత్రలకంటె ఎక్కువగా, దేశదేశములలో తాను సేకరించిన కుండలు, కుర్చీలు, బట్టలు, పళ్లెములు కలవు. వాటిని ఎంచుకొన్న విధమును ఆయన దాచలేదు. ఏ వస్తువును చూచినప్పుడు తాను ఓడిపోయితినని తోచెనో, ఆ వస్తువునే ఇంటికి తెచ్చుకొనెను. మరుసటి సంవత్సరము జనవరిలో ఆయన మరణించెను. ఆయనను ఓడించిన ఆ వస్తువులను చేసినవారిలో అధికుల పేర్లు ఎవరికిని తెలియవు.